సిగ్గు మాటున జబ్బు – మూత్రాశయ వ్యాధులపై మన పూర్వపు హకీముల కృషి



ఈ వార్షిక సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం రాయమని సొసైటీ కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఏ కోట గురించో, ఏ నవాబు గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను రాస్తున్నది మూత్రాశయం గురించి. ఉర్దూలో మసానా అంటాం. చదవగానే కొందరు మొహం చిట్లించవచ్చు. "మాస్టర్ సాబ్ కి ఇంకేమీ దొరకలేదా?" అనవచ్చు. దయచేసి పూర్తిగా చదివి ఆ మాట అనండి. నేను ఉర్దూలో చదువుకొని ఉర్దూలో పాఠం చెప్పేవాణ్ణి. నేటి మన పిల్లల్లో చాలామందికి తెలుగే సులువు కనుక తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

మా మొహల్లా మసీదులో ఒక పెద్దాయన ఉండేవారు. చాచా అని పిలిచేవాళ్ళం. అజాన్ కాకముందే వచ్చి మొదటి సఫ్ లో కూర్చునే మనిషి. కొన్నాళ్ళకు వెనుక సఫ్ లోకి మారారు. ఆ తర్వాత తలుపు పక్కకు మారారు. తర్వాత రావడమే మానేశారు. కమిటీ మీద కోపమని కొందరు, కొడుకుతో గొడవని కొందరు అనుకున్నారు. అడిగిన వాడు లేడు, నేనూ అడగలేదు. ఒక అర్ధరాత్రి ఆయనకు మూత్రం పూర్తిగా బంద్ అయిపోయి, పొత్తికడుపు రాయిలా గట్టిపడి, కేకలు పెడుతుంటే ఆటోలో వేసుకొని ఆస్పత్రికి పరుగెత్తాం. గొట్టం వేసి మూత్రం తీశాక గాని ప్రాణం కుదుటపడలేదు. "ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని డాక్టరు గారు అడిగారు. నాలుగేళ్ళ నుంచి అన్నారు చాచా!

తర్వాత నాతో చెప్పారు: "ఎవరితో చెప్పుకోను మాస్టర్ సాబ్? రాత్రి అయిదారు సార్లు లేవాలి. పోయి వచ్చినా చుక్కలు పడుతూనే ఉండేవి. బట్ట పాక్ గా ఉందో లేదోనని మసీదుకు రావడానికే భయం వేసింది." ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన జబ్బు అది. ఆపరేషన్ అయింది. అల్లాహ్ దయ వల్ల ఆయన మళ్ళీ సఫ్ లోకి వచ్చారు. కాని నాలుగేళ్ళు ఒక మనిషి తన శరీరానికీ, తన మసీదుకూ దూరమైపోయాడు. దానికి కారణం జబ్బు ఒక్కటే కాదు, సిగ్గు.

ఈ సిగ్గు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మన దీన్ నేర్పలేదు. మన హకీములూ నేర్పలేదు. వారి చరిత్ర చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

పురాతన కాలం

మూత్రాశయపు జబ్బు ఈనాటిది కాదు. ఈజిప్టులో అల్ అమ్రా అనే చోట అనేక వేల ఏళ్ళ నాటి సమాధిలో, ఒక కుర్రవాడి కళేబరంలో మూత్రాశయపు రాయి దొరికింది. 1901లో ఇలియట్ స్మిత్ అనే శాస్త్రవేత్త దాన్ని కనుగొన్నాడు. మన దేశంలో సుశ్రుతుడు తన గ్రంథంలో రాయిని కోసి తీసే విధానం వివరించాడు. గ్రీకు దేశపు హిపోక్రటీస్ పేరిట ఉన్న ప్రమాణంలో, రాయి కోసే పని తాము చేయక, అందులో నేర్పు గలవారికే విడిచిపెట్టాలని ఉన్నది. అది అంత ప్రమాదకరమైన పని. మత్తుమందు లేదు, క్రిములను గూర్చిన జ్ఞానం లేదు. బతికినవాడు అదృష్టవంతుడు.

రాజీ ఒప్పుకున్న పొరపాటు

ఇస్లాం వ్యాపించిన తర్వాత గ్రీకు, భారత వైద్య గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. మన విద్వాంసులు వాటిని చదివి ఊరుకోలేదు. రోగులను చూసి, తేడాలు గమనించి, తమ అనుభవం చేర్చారు.

ఇరాన్ లోని రయ్ నగరంలో సుమారు 865లో పుట్టిన అబూ బకర్ ముహమ్మద్ బిన్ జకరియా రాజీ, రయ్ లోను, బగ్దాద్ లోను ఆస్పత్రులకు అధిపతిగా పనిచేశారు. మూత్రపిండాలలోను, మూత్రాశయంలోను పుట్టే రాళ్ళపై ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. దాన్ని 1896లో లైడెన్ నగరంలో ఫ్రెంచి అనువాదంతో అచ్చు వేశారు. ఆయన మరణానంతరం ఆయన నోట్సు అన్నీ కలిపి శిష్యులు కూర్చిన బృహద్గ్రంథమే అల్ హావీ.

అందులో ఒక రోగి వృత్తాంతం ఉన్నది. నాకు చాలా ఇష్టమైనది. అబ్దుల్లాహ్ బిన్ సవాదా అనే అతనికి జ్వరం వచ్చి పోతూ ఉండేది. ఒకసారి రోజూ, ఒకసారి రోజు విడిచి రోజు, ఒకసారి ఆరు రోజులకు. జ్వరానికి ముందు కొద్దిగా వణుకు, మాటిమాటికీ మూత్రం. ఇది చలిజ్వరంగా మారుతుందో, లేక మూత్రపిండంలో పుండు ఉన్నదో అని రాజీ అనుమానించారు. కొద్ది రోజులకే రోగి మూత్రంలో చీము పడింది. ఇక జ్వరం రాదని రాజీ చెప్పారు, అలాగే జరిగింది. చికిత్స చేసి సుమారు రెండు నెలల్లో బాగు చేశారు.

అసలు గొప్పతనం ఆ తర్వాత ఉంది. మొదటే నిశ్చయంగా ఎందుకు చెప్పలేకపోయానో రాజీ తనే రాసుకున్నారు. లేచి నిలబడితే నడుము దగ్గర బరువు వేలాడుతున్నట్టు ఉందా అన్న సంగతి రోగి చెప్పలేదు, నేనూ అడగడం మరిచాను అని ఒప్పుకున్నారు. ఆ రోగి తండ్రికి మూత్రాశయపు బలహీనత ఉండేదట.  చూడండి! వెయ్యేళ్ళ నాటి అంత పెద్ద హకీం, అడగకపోవడం నా లోపమే అని కాగితం మీద పెట్టాడు. వైద్యుడు అడగాలి, రోగి చెప్పాలి. ఇద్దరిలో ఎవరు మౌనంగా ఉన్నా జబ్బుకే లాభం. నేను చాచాను అడగని సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఈ వృత్తాంతమే జ్ఞాపకం వస్తుంది.

ప్రతి బాధకూ ఒక పేరు

ఇబ్నె సీనా (980–1037) పేరు వినని వారు మనలో ఉండరు. ఆయన అల్ ఖానూన్ మూడవ భాగంలో తల నుండి కాలి దాకా ఒక్కొక్క అవయవపు జబ్బులను వరుసగా చెప్పారు. అందులో మూత్రాశయానికీ, మూత్రానికీ విడిగా చోటు ఇచ్చారు. మనం "పేషాబ్ తక్లీఫ్" అని ఒక్క మాటతో, అదీ గొంతు తగ్గించి అంటాం. వారు అలా కలిపివేయలేదు. మంటను హుర్ఖతుల్ బౌల్ అన్నారు. కష్టంగా రావడం ఉస్రుల్ బౌల్. చుక్కచుక్కగా రావడం తఖ్తీరుల్ బౌల్. పూర్తిగా ఆగిపోవడం ఇహ్తిబాసుల్ బౌల్. ఆపుకోలేక తనంతట కారిపోవడం సలసుల్ బౌల్. నిద్రలో పక్క తడపడం బౌల్ ఫిల్ ఫిరాష్.

పేర్లతో ఆగలేదు, కారణాలూ విడదీశారు. మూత్రం ఆగితే అది రాయి అడ్డుపడి కావచ్చు, గడ్డకట్టిన రక్తం కావచ్చు, వాపు కావచ్చు, మూత్రాన్ని బయటికి తోసే శక్తి మసానాకే తగ్గి కావచ్చు, నరాల దోషం కావచ్చు అన్నారు. నేటి డాక్టరు కూడా ఈ ప్రశ్నలే వేసుకుంటాడు. ఆనాటి సిద్ధాంతమంతా సరైనదని నేను అనడం లేదు. నాలుగు ధాతువుల లెక్క ఇప్పుడు నిలవదు. కాని చూసిన లక్షణాన్ని దాచక, పేరు పెట్టి, వేరు చేసి చూపడం వారి గొప్పతనం.

ఖారూరా సంగతి మన పెద్దవాళ్ళకు తెలుసు. గాజు సీసాలో మూత్రం పట్టి హకీం సాబ్ కు చూపేవారు. ఖైరవాన్ నగరపు యూదు వైద్యుడు ఇస్ హాఖ్ ఇస్రాయీలీ అరబీలో కితాబుల్ బౌల్ రాశాడు. అది లాటిన్ లోకి పోయి ఐరోపాలో పాఠ్యగ్రంథమైంది. రంగు, చిక్కదనం, అడుగున పేరుకున్నది, నురుగు, వాసన, పరిమాణం చూడాలని ఇబ్నె సీనా చెప్పారు. తెల్లవారి మొదటి మూత్రం, ఏమీ తినక తాగక ముందు పట్టాలన్నారు. సీసా చూసి సర్వరోగాలూ చెప్పేస్తామనే మోసగాళ్ళు తర్వాత బయలుదేరారు. అది వేరే కథ. నేటి లేబరేటరీలోనూ పొద్దుటి మూత్రమే తెమ్మనడం మనం చూస్తూనే ఉన్నాం.

ఖుర్తుబా జర్రాహ్

ఇక శస్త్రచికిత్స. స్పెయిన్ లోని ఖుర్తుబా దగ్గర మదీనతుజ్జహ్రాలో సుమారు 936లో పుట్టిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ, 30 భాగాల అత్తస్రీఫ్ అనే గ్రంథం రాశారు. చివరి భాగమంతా శస్త్రచికిత్సే. సుమారు 200 పనిముట్ల బొమ్మలు గీసి చూపించారు.

మూత్రం బంద్ అయినవానికి వెండితో చేసిన సన్నని, నున్నని గొట్టం వాడమన్నారు. పక్షి ఈక కాడలాగా లోపల బోలుగా ఉంటుంది, జానెడున్నర పొడవు. మా చాచాకు ఆ రాత్రి వేసిన రబ్బరు గొట్టానికి అది ముత్తాత అన్నమాట. మూత్రనాళంలో చిన్న రాయి ఇరుక్కుంటే మిష్అబ్ అనే పనిముట్టు చెప్పారు. కర్ర పిడి, సన్నని ఉక్కు కడ్డీ, కొస మూడు పలకల మొన. రాయి వెనక్కి జారకుండా దాని వెనుక దారం కట్టి, మొనను నెమ్మదిగా తిప్పుతూ రాతిని తొలిచి, ముక్కలు మూత్రంతో పాటే బయటికి పోయేట్టు చేయడం దాని పని.

పెద్ద రాయి విషయంలో ఆయన హెచ్చరిక విలువైనది. రాయి పెద్దది గదా అని పెద్ద కోత పెట్టడం మూర్ఖత్వమని చెప్పారు. అలా చేస్తే రోగి చనిపోతాడు, లేదా జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. కాబట్టి పట్టకారుతో లోపలే చితక్కొట్టి ముక్కలుగా తీయమన్నారు. ప్రాణం నిలిస్తే చాలదు, బతికిన మనిషి నలుగురిలో కూర్చోగలగాలి అన్న ఆలోచన ఇందులో ఉన్నదని నా అభిప్రాయం.

స్త్రీల సంగతీ ఆయన విడువలేదు. స్త్రీ సిగ్గుపడి వైద్యునికి చూపదు కనుక, ఈ పనిలో నేర్పు గల స్త్రీని వెతకాలని, అలాంటి ఆమె దొరకకపోతే మంత్రసానిని దగ్గరుంచుకొని, ఆమె చేత చేయిస్తూ వైద్యుడు దారి చూపాలని రాశారు. సిగ్గు ఉన్నదని ఆయన ఎరుగుదురు. సిగ్గు ఉన్నది గనుక వైద్యం మానుకోండి అనలేదు. సిగ్గును గౌరవించి దానికొక దారి వెతికారు.

12వ శతాబ్దంలో స్పెయిన్ లోని తులైతలా నగరంలో, అంటే ఇప్పటి టొలీడోలో, జెరార్డ్ అనే ఆయన ఈ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్ లోకి అనువదించాడు. తరతరాలుగా ఐరోపా వైద్యులు దాన్ని చదివారు.

పశ్చిమ దేశాల నుంచి మన హైదరాబాద్ దాకా

తర్వాతి కథ ఐరోపాలో నడిచింది. 1824లో పారిస్ లో సివియాల్ అనే వైద్యుడు, కోత లేకుండా మూత్రనాళం గుండా పనిముట్టు పంపి మూత్రాశయంలోనే రాయిని పిండి చేశాడు. 1846లో ఈథర్, 1847లో క్లోరోఫాం మత్తు వచ్చాయి. 1870ల చివర నిట్సే అనే జర్మన్ వైద్యుడు మూత్రాశయం లోపల దీపం వెలిగించి చూసే సాధనం తయారు చేశాడు. 1980లో మ్యూనిక్ లో శరీరం బయటి నుంచే తరంగాలతో మూత్రపిండంలోని రాయిని పగలగొట్టారు.

మన దేశానికీ ఇందులో భాగం ఉంది. ఉత్తరాదిన పేద పిల్లలకు మూత్రాశయపు రాళ్ళు విపరీతంగా వచ్చేవి. ఇందూరులో కీగన్ అనే సర్జన్ 1880లలో పిల్లలకు కోత లేకుండా రాళ్ళు పిండి చేసి తీశాడు. ఫ్రేయర్ అనే సర్జన్ మన దేశంలో రాళ్ళు తీసి తీసి చెయ్యి తిరిగినవాడై, లండన్ వెళ్ళి 1900లో ప్రోస్టేట్ గ్రంథి తీసే ఆపరేషన్ తో పేరు పొందాడు. కూనూరులో పరిశోధన చేసిన మెకారిసన్, తిండిలో లోపమే ఈ రాళ్ళకు మూలమని ఎలుకల మీద పరీక్షించి చూపాడు. పాలు లేక, మంచి ఆహారం లేక, ఒట్టి ధాన్యంతో పెరిగే పిల్లల జబ్బు ఇది. అంటే పేదరికపు జబ్బు.

హైదరాబాద్ లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో దారుష్షిఫా కట్టించాడు. ఆ పేరు ఆ పేటకు నిలిచిపోయింది. 1846లో మొదలైన హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదువు ఉర్దూలోనే సాగింది. 1888, 1889లలో క్లోరోఫాం మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించారు. అవి తేల్చిన మాటలన్నీ తర్వాత నిలబడలేదు గాని, ప్రపంచం దృష్టి హైదరాబాద్ మీద పడింది.

ఇంకొక్క విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 1888లోనే స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ పాత అరబీ వ్రాతప్రతులు వెతికి అచ్చు వేసింది. 13వ శతాబ్దపు క్రైస్తవ వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ రాసిన శస్త్రచికిత్స గ్రంథం 1937 ప్రాంతంలో ఇక్కడే వెలువడింది. నేను పైన చెప్పిన రాజీ గారి అల్ హావీ 1955 నుంచి సంపుటాల వారీగా ఇక్కడే అచ్చయింది. రయ్ లో రాసిన మాట హైదరాబాద్ అచ్చుతో లోకానికి అందింది. మన పిల్లలకు ఈ మాట చెప్పాలి. రాసినవారిలో ముస్లిం, యూదు, క్రైస్తవుడు అందరూ ఉన్నారన్నది కూడా చెప్పాలి.

దీన్ ఏమంటుంది?

ఇప్పుడు చాచా భయం దగ్గరికి వస్తాను. ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలో మూత్రం పోస్తుంటే సహాబాలు అదిలించబోయారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, అతణ్ణి పూర్తి చేయనిచ్చి, తర్వాత ఆ చోట నీళ్ళు పోయించారు. ఈ హదీసు అందరికీ తెలిసిందే. మసీదు కడగవచ్చు, మనిషిని అవమానిస్తే కడగలేం.

హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఆగని రక్తస్రావంతో బాధపడుతూ నేరుగా దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి అడిగారు. నమాజు మానవద్దని, ప్రతి నమాజుకు వుజూ చేసుకొమ్మని జవాబు దొరికింది. ఒక స్త్రీ సిగ్గు పక్కనపెట్టి అడిగినందువల్ల కోట్లాది మందికి సౌకర్యం కలిగింది. ఆ నియమాన్నే మన ఫుఖహాలు సలసుల్ బౌల్ ఉన్నవారికి కూడా వర్తింపజేశారు. అలాంటివారిని మాజూర్ అంటారు. హనఫీ మస్లక్ ప్రకారం ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకుంటే, ఆ వేళ ముగిసేదాకా ఆ చుక్కల వల్ల వుజూ పోదు. ఎవరు మాజూర్ అవుతారో, బట్టల విషయం ఏమిటో, మీ ఇమాం సాబ్ ను చాటుగా అడగండి, చెప్తారు.

మరొక సంగతి. పవిత్ర ఖుర్ఆన్ ను ఒకచోట చేర్చిన మహనీయుడు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి). వృద్ధాప్యంలో వారికీ మూత్రం ఆగని ఈ బాధ కలిగింది. చేతనైనంత జాగ్రత్త తీసుకునేవారని, అదుపు తప్పినప్పుడు వుజూ చేసుకొని నమాజు చదివేవారని వారి కుమారుడే చెప్పగా ముసన్నఫ్ అబ్దుర్రజ్జాఖ్ లో నమోదై ఉన్నది. కొడుకు తండ్రి జబ్బును దాచలేదు. దాచి ఉంటే మనకు ఈ ఓదార్పు దొరికేది కాదు. ఈ మాట చాచాతో చెబితే ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "ముందే చెప్పి ఉండకూడదా మాస్టర్ సాబ్" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మనం చేయవలసింది

నేను డాక్టరును కాను. కాని ఇవి తెలిసినవే. మంట, మాటిమాటికీ పోవడం ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చు, షుగర్ వల్ల కావచ్చు. వయసు మళ్ళిన మగవారిలో ధార సన్నబడితే ప్రోస్టేట్ కావచ్చు. కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం పడే స్త్రీలు ఎందరో ఉన్నారు. అది వారి ఖర్మ కాదు, వ్యాయామంతోను, చికిత్సతోను చాలావరకు నయమవుతుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనబడితే, ఒక్కసారి కనబడి మాయమైనా సరే, వెంటనే చూపించాలి. మూత్రాశయపు క్యాన్సర్ కు ముఖ్య కారణం పొగ తాగడమని మన బీడీ సోదరులు గుర్తుంచుకోవాలి. మూత్రం బొత్తిగా బంద్ అయితే తెల్లవారేదాకా ఆగవద్దు. పక్క తడిపే పిల్లవాణ్ణి కొట్టవద్దు, నలుగురిలో చెప్పి నవ్వవద్దు.

సొసైటీ వారికి ఒక మనవి. వైద్య శిబిరం పెట్టినప్పుడు ఒక లేడీ డాక్టరును తప్పక పిలవండి. పెద్దవాళ్ళతో విడిగా మాట్లాడేందుకు ఒక పరదా గది ఉంచండి. మసీదు కమిటీలు వుజూఖానా దగ్గర, ముసలివారు కూర్చోగలిగే కమోడ్ ఒకటి, పట్టుకోను గోడకు కమ్మీ ఒకటి పెట్టించండి. పెద్ద ఖర్చు కాదు.

అన్నిటికంటే ముందు, మీ సఫ్ లో ఎవరైనా వెనక్కి జరుగుతున్నారేమో చూడండి. జరిగితే వెళ్ళి అడగండి. రాజీ అంతటివాడే అడగడం మరిచానని ఒప్పుకున్నాడు. మనం మరవకుండా ఉందాం. రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.